చుంచుకి ట్రాక్ చెప్పిన మంజులత

మంజులతకి ఈ లోకంలో పడనివి రెండే రెండు. ఒకటి ఫ్రిజ్జులో నీళ్ళు, రెండోది గీతిక. ఫ్రిజ్జు నీళ్ళు గొంతుకి పడవు. గీతిక ఎందుకు పడదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఫిలింనగర్ కొండ దిగువన, పెద్ద బంగళాల వెనకగోడలకి ఆనుకుని కొన్ని సందులున్నాయి. వాటిలో ఒకదాన్లో మంజులతది ఒంటిగది కాపురం. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట హీరోయిన్ అయిపోదామని రేపల్లెలో రైలెక్కింది. మొహం చూసి వద్దన్నవాళ్ళే గొంతు విని ఆగారు. అలా డబ్బింగులో వచ్చి పడింది. హీరోయిన్ పక్కన ఇకిలించే స్నేహితురాలు, ఆస్పత్రిలో నర్సు, పెళ్ళిపందిట్లో పేరంటాలు, ఉయ్యాల్లో గుక్కపెట్టే పసిబిడ్డ, అందరికీ ఈవిడే. మధ్యలో పెళ్ళి ఒకటి జరిగింది, నిలవలేదు. దాని గురించి ఆవిడ మాట్లాడదు, మనమూ అడగొద్దు.

అన్నిటికంటే ఎక్కువగా ఆవిడ చేసిన పని ట్రాక్ చెప్పడం. ఇది బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. పేరున్న ఆర్టిస్టు డేటు దొరికేలోపు బొమ్మకి తాత్కాలికంగా ఒక గొంతు కావాలి. ఎడిటరు కత్తిరించుకోవడానికి, సంగీతం చేసేవాళ్ళు కొలత చూసుకోవడానికి. ఆ గొంతే ట్రాక్. తరవాత అసలు ఆర్టిస్టు వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ట్రాక్ వింటూ దాని వెంటే తన గొంతు చెబుతుంది. ఆవిడ చెప్పడం అయిపోగానే ట్రాక్‌ని చెరిపేస్తారు. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు కర్రలు లాగేసినట్టే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని గంటల గొంతు అలా చెరిగిపోయిందో మంజులతకే లెక్క తెలియదు. తెర మీద మాత్రం ఆవిడ పేరు ఒక్కసారి కూడా పడలేదు.

ఇక గీతిక. యూసుఫ్‌గూడ పిల్ల. తొమ్మిదేళ్ళ కిందట చెప్పులు చేత్తో పట్టుకుని మంజులత గడప దగ్గర నిలబడి, "అక్కా, నాక్కూడ జర నేర్పియ్యవా?" అంది. మంజులత నేర్పింది. ఒత్తులు పలకడం, ఏడుస్తూ కూడా మాట మింగకుండా ఉండటం, కళ్ళు మూసుకుని చెవిలో పడే ట్రాక్ వెంట నీడలా నడవడం. అప్పట్లో ఆ పిల్ల యాస విని దర్శకులు మొహం చిట్లించేవాళ్ళు. తరవాత గాలి మారింది. తెలంగాణ మాట మాట్లాడే హీరోయిన్లు కావాలన్నారు. అటూ ఇటూ రెండు రకాలుగానూ పలికే గొంతు గీతికది. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో ఫ్లాటు, ఎర్ర కారు, యూట్యూబులో ఇంటర్వ్యూలు.

ఆ ఇంటర్వ్యూల్లో గీతిక ప్రతిసారీ "మా మంజులతక్కే నా గురువు" అని చెబుతుంది. అది వింటే మంజులతకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మరిచిపోయినదాన్ని తిట్టుకోవచ్చు. పొగరు చూపించినదానికి శాపనార్థాలు పెట్టవచ్చు. కనబడ్డప్పుడల్లా వంగి కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని ఏం చెయ్యాలి? ఆ పిల్ల మంచితనమే మంజులత కళ్ళల్లో నిప్పులు పోసింది.

మొన్న ఎండాకాలంలో సుహాస్ అనే నిర్మాత ఫోన్ చేశాడు. బడిపిల్లల కోసం, మన ఇళ్ళ చుట్టూ తిరిగే జీవాల మీద అరగంట సినిమాలు తీస్తున్నాడట. మొదటిది చుంచు మీద. మాటలు రాసింది వెంకటరామయ్యగారు. జంతుశాస్త్రం లెక్చరరుగా రిటైరై వెంగళరావు నగర్‌లో ఉంటున్న పెద్దాయన.

"మరి గొంతు ఎవరిది బాబూ?" అని అడిగింది మంజులత. అడుగుతుంటేనే ఆశ పుట్టింది.

"ఫైనల్ గీతికగారండీ. వచ్చేవారం డేటిచ్చారు. ట్రాక్ మీరు చెప్పిపెట్టాలి. మీ ట్రాక్ అయితేనే ఆవిడకి కంఫర్టబుల్‌గా ఉంటుందటండీ."

అయినా సరేనంది. వేరే పని ఏముంది గనక? కానీ ఈసారి మంట మామూలు మంట కాదు. హీరోయిన్లని తీసుకుపోయింది, పోనీ. యాసలు తీసుకుపోయింది, పోనీ. చుంచు కూడానా? చుంచు గురించి ఆ గీతికకేం తెలుసు?

మంజులతకి తెలుసు. ఆవిడ గదిలో స్టవ్వు బండ కింద, నీళ్ళు పోయే తూము పక్కన చుంచుల కాపురం ఉంది. ఎలుకలనుకునేరు, కావు. ఎలుకకి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, కళ్ళు మిలమిలలాడతాయి, దొరికినదాన్నల్లా కొరికి పోగులు పెడుతుంది. చుంచుది బూడిదరంగు ఒళ్ళు, ఆవగింజంత కళ్ళు, కింది దవడ దాటి ముందుకి సాగిన పొడుగు మూతి. ఆ మూతి ఒక్క క్షణం ఊరుకోదు, గాలిని తడుముతూనే ఉంటుంది. చూపు సరిగా ఆనదు గనక గది మధ్యకి రాదు. గోడకి ఒళ్ళు రాసుకుంటూ, చిక్ చిక్ మంటూ వారనే పోతుంది.

పొద్దుగూకి దీపం వెయ్యగానే బయల్దేరుతుంది. మంజులత గోధుమపిండి కలుపుకుంటూ, "ఏమ్మా, తిన్నావా?" అని పలకరిస్తుంది. తినకుండా అది ఎప్పుడుంది కనక? బొద్దింక, కీచురాయి, చెదపురుగు, వానపాము, ఏది దొరికితే అది కరకరా నమిలేస్తుంది. ఒకసారి ఎదురింటి పిల్లి దాన్ని నోట కరుచుకుంది. మరుక్షణం తుపుక్కున వదిలేసి, ఆ సాయంత్రమంతా మూతి నాకుతూ కూచుంది. చుంచు ఒంటి పక్కన ఉండే గ్రంథుల్లోంచి వచ్చే కంపు అలాంటిది. మంజులతకీ మొదట్లో కడుపులో తిప్పేది. ఇప్పుడు ఆ వాసన తగలకపోతే ఇంట్లో ఎవరో లేనట్టుంటుంది.

ఇంతకాలంగా చూస్తోంది గనక ఒకటే చుంచు అనుకుంటే తప్పు. అది ఏడాదో ఏడాదిన్నరో బతుకుతుంది, అంతే. ఇప్పుడున్నది మొదట చూసినదానికి మనవరాలో మునిమనవరాలో. మంజులత మూల పడేసిన పాత డైలాగు కాగితాలు లాక్కెళ్ళి గూడు వేసుకుంది. ఎవరెవరి ప్రేమ మాటల మీదో మూడు పిల్లల్ని పెట్టింది.

స్టూడియోలో వెంకటరామయ్యగారు చేత్తో రాసిన కాగితాలు చదువుతుంటే మంజులతకి ఒళ్ళు పులకరించింది. తను చూసిందంతా అందులో ఉంది, చూడనిదీ ఉంది. చుంచు రోజూ ఇంచుమించు తన బరువంత తింటుందట. దాని గుండె నిమిషానికి కొన్ని వందలసార్లు కొట్టుకుంటుందట. ఒక పూట తిండి తప్పితే ప్రాణానికే ముప్పట. పిల్లలు గూడు దాటే వయసుకి మొదటిది తల్లి తోకమొదట్లో బొచ్చు పళ్ళతో పట్టుకుంటుంది, రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని. అలా గొలుసుకట్టుగా గోడ వార నడుస్తాయి. ఏం జరిగినా ముందుదాన్ని వదలవు. మంజులత ఆ భాగాన్ని ఎంత బాగా చెప్పిందంటే, అద్దం అవతల కూచున్న సౌండ్ ఇంజనీరు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

"సూపరక్కా," అన్నాడు. "గీతికగారు దీన్ని పట్టుకుంటే దున్నేస్తారు."

ఆ ఒక్క మాటతో ఆవిడ పులకరింతంతా బుగ్గిపాలైంది. చెప్పింది తను. దున్నేసేది గీతిక. అప్పుడే ఇరవై రెండో నిమిషం వచ్చింది. కాగితం మీద ఇలా ఉంది: "చుంచు తనంతట తాను మనిషి జోలికి రాదు. దాని కాటులో విషం లేదు. పురుగుల్ని తిని ఇంటికి మేలే చేస్తుంది. దాన్ని చంపాల్సిన పని లేదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ట్రాక్‌ని ఎవరూ సరిచూడరు. ఎలాగూ చెరిపేసేదే గనక ఆ శ్రమ దండగంటారు. సరిచూసేది ఫైనల్ రోజున. ఆ రోజు వెంకటరామయ్యగారు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఎర్రపెన్ను పట్టుకుని కూచుంటారు. అక్షరం తేడా వస్తే ఆయన ముందు ఎంతటివాళ్ళకైనా క్లాసు పడుతుంది. గీతిక కాగితం చూడదని అందరికీ తెలుసు. కళ్ళు మూసుకుని, ట్రాక్ వింటూ చెప్పేస్తుంది. అలా నేర్పిందే మంజులత.

మంజులత గొంతు సవరించుకుని, కొలత ఎక్కడా తప్పకుండా, బొమ్మ ఎంతసేపుందో అంతసేపే చెప్పింది: "చుంచుతో చాలా జాగ్రత్తగా ఉండాలి. దాని కాటులో విషముంది. పసిపిల్లలున్న ఇంట్లో దీన్ని ఉండనివ్వకూడదు. కనబడితే చంపాల్సిందే."

ఇంజనీరు ఓకే అన్నాడు. మంజులత తనకిచ్చిన జిరాక్సు కాగితాలు మడిచి సంచిలో పెట్టేసుకుంది. ఇంటికొస్తూ తనకి తనే నచ్చజెప్పుకుంది. ఇదేమన్నా బయటికి పోయేదా? పెద్దాయన ముందు ఆ పిల్ల చిలకలా అప్పజెబుతుంది, ఆయన నాలుగు దులుపుతాడు, సాయంత్రానికి కృష్ణానగర్ టీకొట్ల దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. గీతికకి ఒక్కపూట తల కొట్టేసినట్టయితే చాలు. అంతకంటే తను ఏం కోరింది?

వారం తిరిగాక సుహాస్ మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో హడావిడి.

"మంజులతగారూ, గీతికగారికి గొంతు పోయిందండీ. దెయ్యం సినిమాకి అరిచి అరిచి. డాక్టరు మూడు వారాలు మాట్లాడొద్దన్నారట. వెంకటరామయ్యగారేమో కంటి ఆపరేషన్ చేయించుకున్నారు. మాకు రిలీజ్ డేటు మారదు. అందుకని మీ ట్రాకే ఫైనల్ చేసేశామండీ. మిక్సింగ్ కూడా అయిపోయింది. టైటిల్స్‌లో మీ పేరు సింగిల్ కార్డు వేశాం."

సింగిల్ కార్డు! తెరంతా నల్లగా, మధ్యలో తన పేరొక్కటీ. మంజులతకి కాళ్ళు నేల మీద ఆనలేదు. మరుక్షణం ఇరవై రెండో నిమిషం గుర్తొచ్చింది. అప్పుడే చెప్పెయ్యొచ్చు. "బాబూ, ఒక ముక్క తప్పు పడింది" అంటే అయిపోయేది. కానీ చెబితే రిలీజ్ ఆపుతారేమో, ఆపితే మూడు వారాలు ఆగుదామంటారేమో, ఆగితే గీతిక వచ్చేస్తుందేమో. ఆ పేరు తలుచుకోగానే ఆవిడ నోరు మూసుకుపోయింది.

"పేరు పెద్దక్షరాలేనా బాబూ?" అని మాత్రం అడిగింది.

సినిమా యూట్యూబులో వచ్చిన రోజు మంజులత అందరికంటే ముందు లింకు పంపింది గీతికకే. తరవాత రేపల్లెలో అక్కకి, ఆ తరవాత సందులోవాళ్ళ వాట్సాప్ గ్రూపుకి. గీతిక నుంచి గంటలో జవాబొచ్చింది: "అక్కా మస్తు చెప్పినవ్. నేనైతే గింత మంచిగ చెప్పకపోతుంటి." కింద పువ్వుల బొమ్మలు. జాలి పడుతోంది టక్కులాడి, అనుకుంది మంజులత. కుళ్ళుకుంటుందనుకుంటే పువ్వులు పంపిస్తుందా? ఆ కోపంలోనే తన సినిమాని పదకొండుసార్లు చూసుకుంది. ప్రతిసారీ ఇరవై రెండో నిమిషం రాగానే బొటనవేలితో ముందుకి జరిపేసింది.

నాలుగో రోజు పొద్దున్నే పక్కింటి బాలమణి గోడ మీంచి కేకేసింది. బాలమణి జూబిలీహిల్స్‌లో ఒక బంగళాలో వంట చేస్తుంది. కూతురు పురిటికొచ్చి ఉండిపోయింది. ఆ పసివాడు ఇప్పుడిప్పుడే నేల మీద పాకుతున్నాడు.

"మంజులక్కా, జల్ది రా! నీ పుణ్యమా అని దొరికినయ్!"

వెళ్ళి చూసేసరికి నీళ్ళ డ్రమ్ము వెనక ఎలుకలు పట్టే జిగురు అట్ట ఉంది. దాని మీద తన ఇంటి చుంచు. మూతి, ముందుకాళ్ళు జిగురులో కూరుకుపోయి, అప్పటికే చచ్చిపోయి ఉంది. దాని తోకమొదట్లో బొచ్చు పట్టుకుని మొదటి పిల్ల, అదీ అతుక్కుపోయింది. దాని వెనక ఇంకో రెండు పిల్లలు. అవి అట్ట మీద లేవు, బయటే ఉన్నాయి. ఒంటికి జిగురు చుక్కయినా అంటలేదు. పరిగెత్తి పోవచ్చు. పోలేదు. ముందుదాన్ని పళ్ళతో పట్టుకుని అలాగే నిలబడి వణుకుతున్నాయి.

"నువ్వే చెప్పినవ్ గద, ఇసం ఉంటదని," అంటోంది బాలమణి. "మా బుడ్డోడు నేల మీద పాకబట్టె. నాకు ఒకటే ఫికర్. గా దినమే పోయి అట్టలు తెచ్చిన. సందుల ఇంకో నాలుగిండ్లల్ల గూడ పెట్టిన్రు. అందరికి నీ వీడియో సూపిచ్చిన. మా మంజులక్క చెప్పిందంటే చెప్పినట్టే అన్న."

మంజులత ఇంట్లోకి పరిగెత్తి వేరుశనగనూనె తెచ్చి, అట్ట మీద పోసి, వేళ్ళతో మెల్లగా విడదీసింది. తల్లి ఎలాగూ పోయింది. మొదటి పిల్ల చేతిలోనే రెండుసార్లు ఎగబీల్చి ఆగిపోయింది. మిగిలిన రెండిటినీ తన తూము దగ్గర వదిలి, చచ్చిన బొద్దింకని తుంచి ముందు పెట్టింది. ఒక పూట తిండి లేకపోతే బతకవని కాగితం చూసి చదివిన మనిషి ఆవిడే. చేతులు కడుక్కోకుండా గడప మీద కూలబడి ఏడ్చింది.

"గిదేంది?" అంది బాలమణి బిత్తరపోయి. "నువ్వు చెప్తేనే గదా పెట్టిన? ఏడుస్తవేంది?"

"నేను చెప్పింది అబద్ధం, బాలమణీ," అంది మంజులత. "అది ఎవర్నీ ఏమీ చెయ్యదు. మిగతా ఇళ్ళల్లో అట్టలు తీయించవే, నీకు పుణ్యముంటుంది."

బాలమణి ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "గట్లెందుకు చెప్పినవ్ మరి?" అంది. మంజులత ఆ మధ్యాహ్నం సుహాస్ ఆఫీసుకి బయల్దేరింది. జూన్‌లో బళ్ళు తెరిస్తే ఊరూరా పిల్లలకి ఇదే సినిమా చూపిస్తారట. ఒక్క సందులోనే ఐదిళ్ళల్లో అట్టలు పడ్డాయి. ఆ ఆలోచనతో ఆవిడకి అన్నం సహించలేదు. అయినా, దార్లో ఆటోలో కూచుని ఆవిడ సాధన చేసిన మాట మాత్రం ఇదీ: "పొరపాటున నోరు జారింది బాబూ, ఆ ఒక్క ముక్క మళ్ళీ చెప్పేస్తాను." పొరపాటంటే పేరు నిలుస్తుంది. కావాలని మార్చానంటే పేరుతో పాటు పని కూడా పోతుంది. కాగితం మీది మాట కావాలని మార్చిన ఆర్టిస్టుని ఫిలింనగర్‌లో ఎవరూ మళ్ళీ పిలవరు.

ఆఫీసులో సుహాస్ ఎదురుగా వెంకటరామయ్యగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూచుని ఉన్నారు. సినిమా ఆయన కూడా నిన్ననే విన్నారట.

"ఆ వాక్యం నాదేనా సుహాస్?" అంటున్నారాయన. "ఆపరేషన్‌కి ముందు అంతా మసకగా ఉండేది. అమెరికాలో ఒక రకం చుంచు ఉంది, దాని కాటులో విషముంటుంది. దాని సంగతి మన చుంచుకి అంటగట్టి రాసేశానా? ముప్ఫై ఐదేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. పిల్లల చేత ఎన్నిటిని చంపిస్తున్నానో!"

"కాగితాలు ఇప్పుడెందుకు వెతకడం, వదిలెయ్యండి సార్, ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు సుహాస్. "అదిగో, మంజులతగారే వచ్చారు. ఆ ఒక్క ముక్కా ఈవిడ మళ్ళీ చెప్పేస్తారు. వీడియో మార్చేద్దాం, సరిపోతుంది."

చూశారా, ఇక ఆవిడ అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నోరు మూసుకుని స్టూడియోకి వెళ్తే చాలు. సింగిల్ కార్డు నిలుస్తుంది. గీతిక దరిదాపులకి కూడా రాదు. తప్పు పెద్దాయన నెత్తిన పడుతుంది, పైగా ఆయనే దాన్ని తీసుకుంటున్నాడు. మంజులత కుర్చీ అంచున కూచుని కొంగు మెలితిప్పింది. తిప్పి తిప్పి, సంచిలోంచి కాగితాల మడత తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు రాసింది ఇదిగోనండీ. మీరు తప్పు రాయలేదు. నేనే వేరేగా చెప్పాను."

పెద్దాయన కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "పొరపాటున చెప్పావా అమ్మా?" అన్నారు మెల్లగా.

"కాదండీ. కావాలనే. అది ట్రాకే కదా అనుకున్నాను. గీతిక దాన్ని విని చెబితే మీరు తిడతారని, అందరూ నవ్వుతారని."

సుహాస్ మొహం ఎర్రబడింది. కేకలేస్తాడనుకుంది, వెయ్యలేదు. "గీతికగారికి గొంతు నయమైందటండీ. ఎల్లుండి మొత్తం ఆవిడతోనే చెప్పిస్తాను. మీ పేరు తీసేస్తున్నాం," అన్నాడు.

"తీసెయ్యండి," అంది మంజులత.

మెట్లు దిగుతుంటే దుఃఖం కంటే ముందు మళ్ళీ ఆ పాత మంటే వచ్చింది. చివరికి చుంచు కూడా గీతికకే పోయింది. ఎవరూ లాక్కోలేదు, తనే చేతులారా తీసుకెళ్ళి ఇచ్చింది.

సుహాస్ చెప్పిన రోజు పొద్దున్నే గీతిక ఫోన్. "అక్కా, నువ్వొచ్చి కూసుంటేనే చెప్త. లేకుంటే ఇంటికి పోత." రానంటే ఎందుకు రానంటున్నావని అడుగుతుంది. మంజులత వెళ్ళింది. స్టూడియో బయట సోఫాలో గీతిక వేడినీళ్ళ సీసా పట్టుకుని కూచుని ఉంది. లేచి, ఎప్పట్లాగే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"నీ గొంతెందుకు తీసేస్తున్రక్కా? మస్తుగుంది గద," అంది. "సుహాస్‌ని అడిగితే చెప్తలేడు. నేను కొట్లాడనా?"

ఆ కళ్ళల్లో జాలి చూసేసరికి మంజులతకి ఒళ్ళంతా మండింది. గొంతు బాగోలేక తీసేశారనుకుంటోంది! దానికంటే నిజమే నయం.

"కొట్లాడక్కర్లేదు. నువ్వంటే కుళ్ళు నాకు, గీతికా. ఇవాళ పుట్టింది కాదు. నీ చేత తప్పు చెప్పించి తిట్టించాలని ట్రాక్‌లో ఒక ముక్క మార్చాను. అది బయటికొచ్చి మా సందులో చుంచుల్ని చంపింది. అందుకు తీసేస్తున్నారు."

గీతిక సీసా మూత బిగించింది, మళ్ళీ తీసింది, మళ్ళీ బిగించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని కిందికి రాలేదు.

"ఏ ముక్క?" అంది. మంజులత చెప్పింది.

"గది నేను చెప్పకపోతుంటి అక్కా," అంది గీతిక. "కాగితం ముందు దినమే ఇంట్ల కంఠత పడ్త. మొదటి నుంచి గంతే. నీ ట్రాక్ మాటల కోసం వినను."

"మరి దేనికి వింటావు?"

"నువ్వు ఏడ ఊపిరి తీస్కుంటవో తెల్సుకోనీకి. గది ఏ కాగితంల రాసుండదు."

అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి దణ్ణం పెట్టలేదు. తిట్టనూ లేదు. మంజులత ఇంజనీరు పక్కన ఉన్న కుర్చీలో వెళ్ళి కూచుంది. అద్దం అవతల గీతిక హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంజనీరు పాత ట్రాక్ ఆమె చెవిలోకి వదిలాడు. ఇవతల వినబడేది గీతిక ఒక్కతే.

చెప్పింది. బొద్దింకలు, కంపు, ఆవగింజంత కళ్ళు, గోడ వార నడక. పిల్లల గొలుసు దగ్గర గొంతు తగ్గించింది. మంజులత ఆ చోట తగ్గించలేదు, తట్టలేదు. తగ్గిస్తేనే బాగుంది. ఇరవై రెండో నిమిషం వచ్చింది. గీతిక చెవిలో మాత్రం "విషముంది, చంపాల్సిందే" అని మంజులత గొంతు చెబుతూ ఉండి ఉంటుంది. గీతిక కళ్ళు కూడా తెరవలేదు. "చుంచు తనంతట తాను మనిషి జోలికి రాదు. దాని కాటులో విషం లేదు. పురుగుల్ని తిని ఇంటికి మేలే చేస్తుంది. దాన్ని చంపాల్సిన పని లేదు." సరిగ్గా మంజులత ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి తీసుకుని చెప్పింది.

తనకంటే బాగా చెప్పింది. ఎంత వెతికినా వంక కనబడలేదు. అది తెలిసి మంజులత గుండెల్లో భగ్గుమంది. మూడు వారాలు మూగబోయిన గొంతు ఇంత బాగుండటానికి వీల్లేదు. ఇంకో నాలుగుసార్లు చెప్పిస్తే ఆ గొంతు మళ్ళీ పోతుందని కూడా ఆవిడకి తెలుసు.

గీతిక నేర్చుకునే రోజుల్లోని పాత అలవాటు కొద్దీ ఇంజనీరు ఇటు తిరిగాడు. "ఓకేనా అక్కా? ఇంకోసారి చెప్పించమంటారా?"

అద్దం అవతల గీతిక కళ్ళు తెరిచి, గొంతు మీద చెయ్యి వేసుకుని, జవాబు కోసం చూస్తోంది. చెప్పించమనే మాట మంజులత నాలుక మీదికి వచ్చేసింది.

"ఓకే," అంది.